మలుపు దగ్గర వంకర అద్దం

ఆ సందులో అందరూ మడత అని పిలిచే లాండ్రీ యజమాని తనకు చేసిన అన్యాయం ఒకటీ రెండూ అయితే అద్దాలాయన ఎప్పుడో మర్చిపోయేవాడు. బట్టల్ని మడతపెట్టినట్టే మాటల్ని కూడా మడతపెడతాడని లాండ్రీ ఆయనకు ఆ పేరు పడింది. పైకి ఇస్త్రీ చేసిన నవ్వు ఒక్కటే కనబడుతుంది, లోపల ఏ మరక ఉందో తెలియదు. పరాయివాడైతే దులిపేసుకుని పోవచ్చు. ఈయన స్వయానా తోడల్లుడు. అక్కను ఆయన చేసుకున్నాడు, చెల్లెల్ని అద్దాలాయన చేసుకున్నాడు. పైగా ఇద్దరి షాపులకీ మధ్య గోడ ఒకటే. అటు ఆవిరి ఇస్త్రీపెట్టె బుస్సుమంటే ఇటు గాజు పలకలు గల్లుమంటాయి.

గొడవంతా మలుపు దగ్గరి జాగా గురించి. ఆ సందు మోచేయిలా వంగుతుంది. ఆ మోచేయి కొసన, అద్దాల షాపు ముందు, ఖాళీ ముక్క ఒకటి ఉంది. ఏడో తరగతిలో బడి మానేసి, వేళ్లన్నీ కోసుకుంటూ పని నేర్చుకుని, కూడబెట్టి కూడబెట్టి అద్దాలాయన కొన్న ముక్క అది. కాగితం ఆయన పేరు మీద ఉంది. పన్ను ఆయనే కడుతున్నాడు. స్కూటర్లు మాత్రం లాండ్రీకి వచ్చేవాళ్లవి నిలబడతాయి. లాండ్రీ వ్యాను వెనక్కి తిరగాలన్నా ఆ ముక్కలోకే వచ్చి తిరుగుతుంది. ఇదేమిటయ్యా అని ఎవరినైనా నిలదీస్తే, "ఇది వీధి కాదా అన్నా?" అని వాళ్లే ఆశ్చర్యపోతారు.

అక్కడ గది కట్టుకోవాలని అద్దాలాయన కోరిక. మోజుపడి కాదు, అవసరం పడి. గాజు పెద్ద పెద్ద పలకలుగా వస్తుంది. దాన్ని తిప్పడానికి షాపు లోపల చోటు లేదు. అందుకని సందులోనే దుప్పటి పరిచి, మోకాళ్ల మీద కూర్చుని, గీత గీసి విరవాలి. సైకిలువాడు వెనకనుంచి బెల్లు కొడితే గీత పక్కకు పోతుంది. దుప్పటి కింద ఒక్క గులకరాయి ఉన్నా పలక పగులుతుంది. వయసు యాభై దాటాక మోకాళ్లు కూడా ఇక మా వల్ల కాదు నాయనా అంటున్నాయి. గది కట్టి మధ్యన పెద్ద బల్ల వేసుకుంటే దర్జాగా నిలబడి పని చేసుకోవచ్చు. పెద్ద రోడ్డు మీద ఫర్నిచర్ షోరూం కడుతున్నాయన ముందు వైపు గాజు పనంతా ఇస్తానన్నాడు కూడా. ఒకటే షరతు పెట్టాడు, ముందు బల్ల చూపించాలి. రోడ్డు మీద పడేసి కోసిన గాజు తన షోరూంకి వద్దట. బతుకులో మొదటిసారి వచ్చిన పెద్ద పని. అందుకే అద్దాలాయన తాపీ మేస్త్రిని మాట్లాడి, సోమవారం వచ్చి పునాది తవ్వమని చెప్పేశాడు.

ఇన్నేళ్లూ గది మాట ఎత్తినప్పుడల్లా మడత ఒకటే పాట.

"కట్టుకో తమ్ముడూ. నీ జాగాలో నువ్వు కట్టుకుంటే కాదనేవాడెవడు? కాకపోతే మలుపు మూసుకుపోతుంది. కాస్త ఆలోచించు."

ఆ 'కాకపోతే' వినీ వినీ అద్దాలాయన చెవులు తూట్లు పడ్డాయి. తిట్టినా బాగుండేది, తిరిగి తిట్టొచ్చు. 'కాకపోతే'ని ఏం చెయ్యగలం?

ఆ మంటతోనే అక్కడ అద్దం పెట్టాడు.

ఆ అద్దానిది వేరే కథ. వానల్లో జిమ్ పెట్టుకున్న కుర్రాడొకడు నిలువెత్తు అద్దం కావాలన్నాడు. వెనక ప్లైవుడ్ వేసి అతికించమన్నాడు. ప్లైవుడ్ చూస్తే వానకు నాని ఉంది. ఆరేదాకా ఆగాలని పనిలో చేరిన మొదటి వారంలోనే నేర్పుతారు. వాడు తొందరపెట్టాడు, ఈయన ఆ రోజు మడతతో మాట పడి విసుగులో ఉన్నాడు, పోనీలే అని అతికించేశాడు. జిమ్ గోడకు బిగించాక ఎండలు కాశాయి. చెక్క ఆరుతూ ముడుచుకుంది, ముడుచుకుంటూ గాజునీ తనతో లాక్కుంది. అద్దం నడుమ భాగం, ఊపిరి బిగబట్టిన ఛాతీలా, ముందుకు పొంగింది.

జిమ్ కుర్రాడు ఫోన్ చేసి పిలిపించాడు.

"నువ్వే నిలబడి చూసుకో అన్నా."

అద్దాలాయన చూసుకున్నాడు. పొట్ట లేదు. పెళ్లినాటి మనిషి అగ్గిపుల్లలా నిలబడి ఉన్నాడు.

"బాగానే ఉన్నానుగా."

"నువ్వు బాగానే ఉన్నావు, నేను మునిగిపోతున్నాను. సన్నబడ్డానికి వచ్చినవాళ్లు మొదటి రోజే ఇందులో చూసుకుని, ఇంకేం తగ్గాలి అని ఇంటికి పోతున్నారు. కండలు పెంచేవాళ్లు నెలల తరబడి బరువులెత్తి ఇందులో చూసుకుని కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు. తీసుకెళ్లన్నా, నీకు దండం."

వంకరపోయిన అద్దం ఎవడు కొంటాడు? ఇంటికి తెస్తే పెళ్లాం లోపల పెట్టనివ్వలేదు. చివరికి దానికి రెండు ఇనప కాళ్లు వెల్డింగ్ చేయించి, ఖాళీ ముక్కలో మలుపు వైపు తిప్పి నిలబెట్టాడు. స్కూటరు పెట్టాలంటే అద్దం అడ్డం. వ్యాను తిరగాలంటే అద్దం అడ్డం. అది చాలక అడుగున ఎర్ర రంగుతో 'ఇక్కడ ఎవరూ నిలబడరాదు' అని రాశాడు. జాగా తనదేనని ఊరందరికీ తెలిసేలా చేశానని ఆయన లెక్క.

మడత బయటికొచ్చి, అద్దం ముందు నిలబడి, జుట్టు సవరించుకుని, "బాగుంది తమ్ముడూ" అన్నాడు. అంతే. ఆ పూట అద్దాలాయనకు ముద్ద దిగలేదు.

అప్పట్నుంచి ఇంకో విసుగు మొదలైంది. సందులో పోయేవాళ్లందరూ అద్దం వైపు తల తిప్పకుండా పోరు. మలుపు దగ్గరికొచ్చి ఆగుతారు, అద్దంలోకి చూస్తారు, అప్పుడు కదులుతారు. ఆటోవాళ్లు కూడా అంతే. కాలేజీ పిల్లలు, ముసలివాళ్లు, అందరికీ అదే జబ్బు. "ఏం, మీ ఇళ్లల్లో అద్దాలు లేవా?" అని అద్దాలాయన లోపల్నుంచే కేకలేసేవాడు. కొనేవాడు ఒక్కడూ లేడు, చూసుకునేవాళ్లకు మాత్రం కొదవ లేదు అని గొణుక్కునేవాడు.

అలాంటి రోజుల్లో కానిస్టేబులమ్మ మోటారు సైకిలు దిగింది. చిన్న వయసు పిల్ల, ముఖం నిండా చెమట.

"అద్దాల షాపు మీదేనా బాబాయ్?"

అద్దాలాయన చటుక్కున లేచి నిలబడ్డాడు. పోయినేడాది స్టేషన్ కిటికీకి గాజు వేసింది ఆయనే. ఒప్పుకున్న మందం కంటే కాస్త పల్చటిదే వేశాడు. ఎవరు కనిపెట్టారో అనుకున్నాడు.

"నాదేనమ్మా. ఏమైంది, పగిలిందా?"

"ఏం పగిలింది?"

"ఏం లేదులే. చెప్పు."

"శనివారం సాయంత్రం కమ్యూనిటీ హాలుకు రావాలి. ఇన్‌స్పెక్టర్ గారు స్వయంగా చెప్పి రమ్మన్నారు. మీకు సన్మానం."

"నాకా? దేనికి?"

"పోలీసులకు సాయం చేసే ఇళ్లవాళ్లకీ షాపులవాళ్లకీ ఏటేటా ఇస్తాం కదా. మీ వల్ల మన ఏరియా చాలా బాగుపడిందట."

"నేను పోలీసులకు ఏ సాయమూ చెయ్యలేదమ్మా."

"అందరూ అలాగే అంటారు బాబాయ్" అని ఆ పిల్ల నవ్వింది.

"అందరి సంగతీ నాకు తెలీదు. నేను మాత్రం నిజంగానే చెయ్యలేదు."

"మలుపు దగ్గర అద్దాల షాపు అని సారే చెప్పారు. మీరు కాక ఇంకెవరున్నారిక్కడ? పిన్నిని కూడా తీసుకురండి."

బండెక్కి, వంకర అద్దంలోకి ఒకసారి చూసి, వెళ్లిపోయింది. ఇది కూడా అదే జబ్బుమనిషే అనుకున్నాడు అద్దాలాయన. ఎదురుగా పలక మీద గీసిన గీత ఎక్కడిదాకా వచ్చిందో మర్చిపోయాడు.

భార్య టిఫిను డబ్బా పట్టుకొచ్చేసరికి ఆయన స్టూలు మీద కూర్చుని తల గోక్కుంటున్నాడు. సంగతి చెప్పాడు.

"మీరు ఎవరి మీదైనా స్టేషన్లో చెప్పారా?" అంది ఆవిడ.

"నేను స్టేషన్ గుమ్మం తొక్కింది ఆ కిటికీ గాజుకే."

"అయితే ఆ గాజు బాగుందేమో."

"అది బాగుండదు. నాకు తెలుసు."

"ఎప్పుడైనా దొంగని పట్టుకున్నారా?"

"పట్టుకుంటే నాకు తెలియదా?"

ఆవిడ ఆలోచించింది. ఆయనా ఆలోచించాడు. ఊరేగింపు రోజున ఎండలో నిలబడ్డ కానిస్టేబులుకు ఒకసారి స్టూలు ఇచ్చాడు. అదీ గిరాకీ వచ్చిందని మధ్యలో వెనక్కి అడిగి తీసుకున్నాడు. ఇంకోసారి ఎవరిదో ఇల్లు ఎక్కడని పోలీసులు అడిగితే చెప్పాడు. తప్పు చెప్పాడని తర్వాత తెలిసింది.

"వేరే ఎవరినో అనుకుని నన్ను పిలిచి ఉంటారు. అక్కడికి పోయాక, అబ్బే మీరు కాదండీ అంటారు. అందరి ముందూ పరువు పోతుంది. నేను పోను."

"ఇన్నాళ్లకు ఎవరో మిమ్మల్ని మంచివాడంటుంటే మీకెందుకండీ అంత కష్టం?" అంది ఆవిడ డబ్బా మూత తీస్తూ.

అన్నం తిని పక్క షాపుకు వెళ్లాడు. మడత ఒక కాలరును దువ్వుతున్నట్టు ఇస్త్రీ చేస్తున్నాడు. లోపల మూలన ఆయన భార్య, అద్దాలాయనకు వదిన, గుండీలు కుడుతూ కూర్చుంది. ఆమెను అక్కడ చూసి చాలా కాలమైంది. అద్దం పెట్టడానికి ముందు చలికాలంలో మలుపు అవతల నక్కి నిలబడినవాడెవడో ఆమె సంచీ లాక్కుని, తోసేసి పారిపోయాడు. మణికట్టు విరిగింది. కట్టు విప్పాక కూడా ఆమె ఒంటరిగా వీధిలో అడుగుపెట్టలేదు. ఎప్పుడైనా షాపుకొస్తే మడత వ్యానులో తెచ్చి వ్యానులో తీసుకెళ్లేవాడు. పాపం అనుకున్నాడు అద్దాలాయన అప్పట్లో. కానీ ఆ వారమే మడత, "చూశావా తమ్ముడూ, మలుపు ఖాళీగా ఉంటేనే ఇలా ఉంది, గోడ కడితే ఇంకేమన్నా ఉందా" అనేసరికి, పెళ్లాం విరిగిన చెయ్యిని కూడా జాగా కోసం వాడుకుంటున్నాడని ఒళ్లు మండిపోయింది.

"అన్నయ్యా, పోలీసులు నాకేదో సన్మానమంటున్నారు. నీకేమైనా తెలుసా?"

మడత కళ్లెత్తలేదు. "చేసినవాడివి నీకే తెలియకపోతే నాకెలా తెలుస్తుంది? సంతోషం తమ్ముడూ. కాకపోతే ఆ చొక్కా ఇలాగే వేసుకుపోకు. మంచిదొకటి తెచ్చివ్వు, నేను ఇస్త్రీ చేసిపెడతాను. స్టేజీ మీద ముడతలు కనబడితే అందరం నవ్వులపాలవుతాం."

"ఊరికేనా?"

"ఊరికే."

మడత ఊరికే ఇస్త్రీ చేస్తాననడంతో అద్దాలాయనకు ఉన్న కాస్త మతి కూడా పోయింది.

"మేం కూడా వస్తాం మరిదీ" అంది వదిన, పళ్లతో దారం తెంపుతూ. "ముందు వరసలో కూర్చుంటాం."

"నీకెందుకు వదినా శ్రమ."

"శ్రమేముంది. ఈమధ్య నేను నడిచే వస్తున్నాగా, చూడ్డం లేదా?"

ఆయన చూడలేదు. ఆయన రోజంతా చూసేది స్కూటర్లనే.

శనివారం హాలు నిండింది. ప్లాస్టిక్ కుర్చీలు, కీచుమనే మైకు, ఒక పక్కకు ఒరిగిన బ్యానరు. స్టేజీ మీద మరో ముగ్గురితో కలిపి కూర్చోబెట్టారు. కడక్ ఇస్త్రీ చొక్కాలో అద్దాలాయన అట్టపెట్టెలో పెట్టినట్టు బిగుసుకుని కూర్చున్నాడు. ఒక్కొక్కరినీ పిలుస్తున్నారు. మందుల షాపాయన తన కెమెరాను వీధి వైపు తిప్పి పెట్టాడు, బండి దొంగలు అందులో దొరికారు. బేకరీ ఆవిడ తప్పిపోయిన పిల్లల్ని తన షాపులో కూర్చోబెట్టుకుని స్టేషన్‌కు ఫోన్ చేస్తుంది. రిటైరైన డ్రైవరు ఒకాయన బడి దగ్గర నిలబడి పిల్లల్ని రోడ్డు దాటిస్తాడు. ముగ్గురికీ తాము చేసిందేమిటో తెలుసు. హాయిగా నవ్వుతున్నారు. అద్దాలాయన వాళ్లను ఓరచూపు చూశాడు.

తర్వాత ఇన్‌స్పెక్టర్ ఈయన వైపు తిరిగాడు. లావుపాటి మనిషి, మెత్తటి గొంతు.

"మలుపు సందు అంటే మీ అందరికీ తెలుసు. సంచీలు లాగేవాళ్లు ఆ మలుపు వెనక నక్కేవాళ్లు. ఇటునుంచి వచ్చేవాళ్లకు అటు కనబడదు. మేం మనిషిని పెట్టాం, లైటు పెట్టాం, లాభం లేకపోయింది. ఈ పెద్దాయన ఒక అద్దం పెట్టారు. మామూలు అద్దం కాదు. మామూలుది ఎదురుగా ఉన్నదే చూపిస్తుంది. ఈయన దాన్ని పనిగట్టుకుని వంచి చేశారు, అటు చివరిదాకా మొత్తం కనబడేలా. నక్కేవాడికి నక్కే చోటు లేకుండా చేశారు. కింద 'ఇక్కడ ఎవరూ నిలబడరాదు' అని కూడా రాశారు. దొంగలకు ఇంతకంటే సూటిగా మేం కూడా చెప్పలేం. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు ఆ మలుపులో ఒక్క సంచీ పోలేదు, ఒక్క బండి గుద్దుకోలేదు."

చప్పట్లు. అద్దాలాయన వెనక్కి తిరిగి చూశాడు, తన వెనక ఇంకెవరైనా పెద్దాయన ఉన్నాడేమోనని. గోడ ఉంది.

"అంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఆ అద్దం ఉన్న జాగా ఈయన సొంతం. ఇంకెవరైనా అయితే గది కట్టుకుని బాగుపడేవాళ్లు. ఈయన మాత్రం దాన్ని ఎప్పటికీ ఖాళీగానే ఉంచుతానని, వీధికే వదిలేస్తానని అన్నారు. ఇలాంటివాళ్లు పదిమంది ఉంటే మాకు పనుండదు."

ఈసారి చప్పట్లకు హాలు అదిరింది. నేనెప్పుడన్నాను అని అద్దాలాయన నోరు తెరిచేలోపే చేతిలో గాజు షీల్డు పెట్టారు. అలవాటు కొద్దీ బొటనవేలు అంచు మీద పోయింది. అంచు సరిగ్గా అరగదీయలేదు, గరుగ్గా ఉంది. ఎవడో వానాకాలం పనివాడు చేశాడు. ఆ సంగతి ఒక్కటే ఆ హాల్లో ఆయనకు స్పష్టంగా అర్థమైంది.

"రెండు మాటలు చెప్పండి" అని మైకు ముందుకు తోశారు.

ఆయన ఉన్నదున్నట్టు చెప్పేయాలనుకున్నాడు.

"అది జిమ్ముకి చేసిన అద్దం" అన్నాడు. "వాడు వద్దన్నాడు."

జనం నవ్వారు.

"నేను వంచలేదు. చెక్క తడిగా ఉంది. ఆరాక అదే వంగింది."

"చూశారా" అన్నాడు ఇన్‌స్పెక్టర్ జనంతో, "చేసింది కూడా నేను చెయ్యలేదంటున్నారు." మళ్లీ చప్పట్లు. ఆ ముక్కలో గది కట్టుకోవాలి, సోమవారం తాపీ మేస్త్రి వస్తాడు అన్న మాట గొంతు దాకా వచ్చింది. అప్పుడే ముందు వరసలోంచి వదిన లేచింది. ఎవరూ పిలవకుండానే మెట్లెక్కి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. విరిగి అతికిన చేత్తోనే. పట్టులో ఇంకా బలం లేదు.

ఆమె మాటలు మైకుకు అందలేదు, ఆయనకే అందాయి.

"కొన్నాళ్ల నుంచి నీకో మాట చెప్పాలని మరిదీ. మలుపు దగ్గరికొస్తే నా కాళ్లు కదిలేవి కావు. ఇప్పుడు నీ అద్దంలో చూసుకుని, ఎవడూ లేడని తెలిశాక తిరుగుతున్నాను. మీ ఇద్దరికీ పడదని తెలుసు. అయినా నాకోసం పెట్టావు."

నీకోసం కాదు వదినా, మీ ఆయన స్కూటర్లు రాకుండా పెట్టాను అని చెప్పాలి. ఎలా చెప్తాడు? కెమెరావాడు నవ్వమన్నాడు. నవ్వాడట, ఫొటోలో ఉంది.

బయట టీ ఇస్తున్నచోట మడతను పట్టుకున్నాడు.

"జాగా వదిలేస్తానని నేనన్నానని వాళ్లకు ఎవరు చెప్పారు?"

మడత టీ ఊదుకున్నాడు. "ఇన్‌స్పెక్టర్ గారు ఓ రోజు వచ్చారు. నువ్వు కొలతలకు ఎక్కడికో పోయావు. ఈ అద్దం ఎవరిదన్నారు, మా తమ్ముడిదన్నాను. జాగా ఎవరిదన్నారు, మా తమ్ముడిదేనన్నాను. అబద్ధమా?"

"కాదు."

"ఇది ఇలాగే ఉంటుందా అన్నారు. మా తమ్ముడు పదిమందికి పనికొచ్చేదాన్ని పీకేసే రకం కాదన్నాను. అది అబద్ధమా? అయితే చెప్పు, ఇప్పుడే లోపలికెళ్లి, మా తమ్ముడు పీకేసే రకమేనండీ అని చెప్పేసి వస్తాను."

"నేను గది కడతానని నీకు తెలుసు."

"కట్టుకో తమ్ముడూ. నేను కాదన్నానా?"

అద్దాలాయన ఆ ముఖంలోకి తేరిపార చూశాడు. గాజులో వెంట్రుకవాసి పగులుంటే దీపానికి అడ్డంపెట్టి పట్టుకోగలడు. ఈ ముఖంలో ఏదీ దొరకలేదు. మెచ్చుకుంటున్నాడో, ముంచుతున్నాడో, రెండూ కలిపి చేస్తున్నాడో. మడత కళ్లు ఒక్కసారి పక్కకు తిరిగి, చెల్లెలితో మాట్లాడుతున్న పెళ్లాం చేతి మీద నిలిచాయి. అంతలోనే మళ్లీ ఇస్త్రీ నవ్వు వచ్చేసింది.

ఆదివారం అద్దాలాయన షాపు తియ్యలేదు. సోమవారం పొద్దున్నే తాపీ మేస్త్రి పలుగూ పారా, దారపు ఉండా పట్టుకుని దిగాడు. అప్పటికే అద్దం ఇనప కాలికి ఎవరో బోర్డు కట్టి పోయారు. 'ఈ మలుపును ప్రజల కోసం వదిలిన అద్దాల షాపువారికి పోలీసుల కృతజ్ఞతలు.' తాపీ మేస్త్రి దాన్ని పైకి చదివాడు, కూడబలుక్కుంటూ, సందంతా వినబడేలా.

"ఇదేందన్నా? గది కట్టాలంటివి, దానం చేసేశావా?"

"నేను చెయ్యలేదు."

"మరి ఎవరు చేశారు?"

"అదే తెలియడం లేదు."

"కాగితం నీ దగ్గరే ఉందా?"

"ఉంది."

"అయితే భయమెందుకు? బోర్డు విప్పి పక్కన పెడతా, తవ్వుతా. పోలీసులు బోర్డు కట్టినంత మాత్రాన జాగా పోద్దా? నువ్వు ఊ అను, దారం పట్టేస్తా."

నిజమే. ఊ అంటే చాలు. ఎవడూ జైల్లో పెట్టడు. మహా అయితే నాలుగు రోజులు చెవులు కొరుక్కుంటారు. షోరూం ఆయన మధ్యాహ్నం ఫోన్ చేస్తానన్నాడు. పునాది పడిందంటే పని ఖాయం. పెద్ద బల్ల, నిలబడి పని. అద్దాలాయన ఊ అనడానికే తల ఎత్తాడు. ఎత్తేసరికి ఎదురుగా అద్దం ఉంది.

దాన్ని చేసింది ఆయనే, పెట్టింది ఆయనే, అందులో మలుపు అవతలి సందును మాత్రం ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు చూశాడు. సందంతా చివరిదాకా, చుట్టచుట్టిన చాపను విప్పినట్టు, కనబడుతోంది. అటునుంచి వదిన వస్తోంది. ఒక్కతే. భుజాన సంచీ. ఆ అద్దంలో ఆమె కూడా పుల్లలా ఉంది. మలుపు దగ్గరికొచ్చి ఆగింది. తలెత్తి అద్దంలోకి చూసింది, ముందు ఆ మూల, తర్వాత ఈ మూల. అక్కడ ఈయన కనబడ్డాడు. చెయ్యెత్తింది, నవ్వింది. ఆ తర్వాతే మలుపు తిరిగింది.

"తవ్వనా?" అన్నాడు తాపీ మేస్త్రి.

"రెండు గుంటలు తవ్వు."

"రెండు గుంటలకే గది ఎలా లేస్తది?"

"గదికి కాదు. అద్దం కాళ్లకు. లోతుగా తవ్వి సిమెంటు పొయ్యి. గాలికి పడకుండా."

తాపీ మేస్త్రి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. ఈయనకు మతి ఉందా పోయిందా అని అడగబోయి, ఎలాగూ కూలి వస్తుందిలే అని పలుగు తీశాడు. లాండ్రీ గుమ్మంలో మడత నిలబడి ఉన్నాడు, చేతిలో ఎవరిదో తెల్ల చొక్కా.

"మంచి పని చేశావు తమ్ముడూ. కాకపోతే ఆ అద్దం ఇంకొక్క జానెడు అటు జరిపిస్తే, వ్యాను కూడా తిరుగుతుంది."

అద్దాలాయన తిట్టబోయాడు. ఓడిపోయింది మడత చేతిలోనా, జాగా ఇచ్చింది వదినకా, లేక తడి చెక్క ఒకటి తనను ఇక్కడిదాకా లాక్కొచ్చిందా, ఎంత ఆలోచించినా ఒక కొలిక్కి రావడం లేదు. "జానెడే" అన్నాడు చివరికి తాపీ మేస్త్రితో. "అంతకంటే జరపకు."

షోరూం ఆయన ఫోన్ చేశాడు. బల్ల లేదని అద్దాలాయన చెప్పేశాడు. అవతల పెట్టేశారు.

సిమెంటు ఆరుతుండగా జేబులోంచి టేపు తీశాడు. పోయింది ఎందుకు పోయిందో తెలియకపోయినా, ఎంత పోయిందో అయినా తెలియాలి కదా. ఒక కొస వదినకిచ్చి పట్టుకోమన్నాడు. వీధి వైపు పద్నాలుగు అడుగులు. షాపు వైపు పది. అడ్డం తొమ్మిది. మొత్తం పన్నెండు గజాలు.